పావు మాత్ర

"నువ్వు తాతను వదిలి రాగలిగావు. నేను మిరియాన్ని వదిలి రాలేను." సంక్రాంతికి తిరుపతి వెళ్తున్నామని, టికెట్లు కూడా తీసుకున్నామని చెప్పిన రాత్రి మా పదకొండేళ్ల పాప అన్న మాట ఇది. ఆ మాటలో కోపం లేదు, ఉన్నదున్నట్టు చెప్పింది. కోపం వచ్చింది నాకు. తాత కన్నా పిల్లి ఎక్కువైపోయిందా అని అరిచాను. అలా అరిచినందుకు ఈ రోజుకీ సిగ్గుగా ఉంది.

మిరియం మా ఇంటి నల్లపిల్లి. ఆ పేరు పెట్టింది మా నాయనే. వీడియో కాల్‌లో ముడుచుకుని పడుకున్న పిల్లను చూసి, "మిరియపు గింజ మాదిరి ఉందే" అన్నాడు. నిరుడు టీకా వేయించడానికి తీసుకెళ్లినప్పుడు డాక్టరు దాని గుండెను చాలాసేపు విని, మర్మర్ ఉందని, ఆరు గ్రేడుల్లో అది మూడోదని చెప్పింది. మర్మర్ జబ్బు పేరు కాదు. రక్తం సాఫీగా పారకుండా సుడులు తిరిగినప్పుడు వినిపించే చప్పుడు. బెదిరిన పిల్లిలోనూ, రక్తహీనత ఉన్న పిల్లిలోనూ అది వినిపించవచ్చు, గుండె జబ్బు ఉన్న పిల్లిలో అసలు వినిపించకపోనూ వచ్చు. అందుకే ఎకో, అంటే గుండెకు అల్ట్రాసౌండ్ స్కాన్, తీయించాం. గుండెలో ఎడమవైపు కింది గది (జఠరిక) గోడ మందమైందని, పై గది (కర్ణిక) సాగిందని తేలింది. అలా సాగిన గదిలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ వెనక కాళ్లకు వెళ్లే రక్తనాళంలో అడ్డుపడితే, అప్పటిదాకా ఇల్లంతా తిరిగిన పిల్లి ఉన్నట్టుండి కాళ్లు చచ్చుబడి కూలిపోతుందట. ఆ ప్రమాదాన్ని తగ్గించడానికి డాక్టరు క్లోపిడోగ్రెల్ రాసింది: 75 మిల్లీగ్రాముల మాత్రలో నాలుగో వంతు, రోజుకొకసారి.

ఆ పావు మాత్ర బాధ్యత మా పాపది. మందు చేదు, నాలుకకు తగిలితే పిల్లి నోట నురగ వస్తుంది. కాబట్టి ముక్కను ఖాళీ క్యాప్స్యూల్‌లో పెట్టి, దవడ తెరిచి, నాలుక వెనక వేస్తుంది. మింగేసిందిలే అని నేనంటే ఒప్పుకోదు. మిరియం ఒకసారి బుగ్గన పెట్టుకుని సోఫా వెనక ఉమ్మేసింది, అప్పటినుంచి నోరు తెరిచి చూసి, పది నిమిషాలు దాని పక్కనే కూర్చుంటుంది. రాత్రి అది నిద్రపోయాక పొట్ట లేచి దిగడాన్ని అర నిమిషం లెక్కపెట్టి, రెండింతలు చేసి పుస్తకంలో రాసుకుంటుంది. నిమిషానికి ముప్పై లోపు ఉంటేనే తను పడుకుంటుంది. చదువు పాడవుతోందని దీన్ని నేను ఎన్నోసార్లు విసుక్కున్నాను.

ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. మిరియానికి ఎకో తీయించిన నెలలోనే నాయన గుండె చెకప్పు ఉంది. అంతకు కొన్ని నెలల ముందే ఆయనకు గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే స్టెంటు వేశారు. "ఒక్కడివే ఎందుకు, సంక్రాంతికి వచ్చినప్పుడు నేనే తీసుకెళ్తాను" అని ఫోనులో చెప్పాను. పిల్లిని మాత్రం మూడు రోజుల్లో తీసుకెళ్లాను. ఎకోకు ఎంతయిందో అమ్మకు చెప్పలేదు.

పాపను చివరికి బలవంతంగానే తీసుకెళ్లాను. మాకు బాగా తెలిసిన తెలుగు కుటుంబం మా ఇంట్లోనే ఉండి, రోజూ మాత్ర వేసి, ఆ వీడియో పంపేలా ఏర్పాటు చేశాం. తిరుపతిలో దిగిన మూడో రోజు, భోగి మంట చల్లారాక, నాయన మందుల డబ్బా తెరిచాడు. పాప ఒక పట్టీ మీద పేరు చదివి, "ఇది మిరియం మందు!" అంది. అమ్మ నొచ్చుకుంది. "తాత మందును పిల్లి మందంటావేమే" అంది. నాయన మాత్రం పాపను పక్కన కూర్చోబెట్టుకుని, దానికి ఎంత వేస్తారు, ఎలా వేస్తారు అని అడిగాడు. పాప తనకు వచ్చిన తెలుగులోనే చెప్పింది, గడ్డ అనే మాట తెలియక "రక్తం ఉండ కడుతుంది" అంది. నాయన దిద్దలేదు. "ఇక్కడ పశువైద్య కళాశాల 1955 నుంచీ ఉంది, దాన్నీ తీసుకొచ్చింటే చూపించేవాళ్లం కదా" అన్నాడు. దాని గుండె అంత దూరం విమానంలో తట్టుకోదని పాప చాలా గంభీరంగా వివరించింది.

అలా చెబుతూనే, డబ్బాలో మడిచిపెట్టిన మందుల షాపు బిల్లు తీసింది. తేదీ చూసి, వేళ్ల మీద లెక్కవేసి, మాత్రల గదులు ఒక్కొక్కటీ తడిమి చూసి, "తాతా, తొమ్మిది ఎక్కువున్నాయి" అంది.

నాయన నా ముఖం వైపు చూసి తల దించుకున్నాడు. "ఏసుకుంటే కడుపు మండుతా ఉందమ్మా. చెప్తే మీరంతా దిగులు పడతారని..." అన్నాడు. ప్రతి ఆదివారం నేను "మందులేసుకుంటున్నావా నాయనా" అని అడిగేదాన్ని, ఆయన "ఆఁ, ఏసుకుంటున్నా" అనేవాడు. ఒక్కసారైనా ఆ పట్టీ చూపించమని నేను అడగలేదు.

కనుమ మరునాడే నాయనను తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్లాను. స్టెంటు ఉన్నవాళ్లు ఈ మాత్ర సొంతంగా మానేస్తే దానిలోపలే రక్తం గడ్డకట్టవచ్చని డాక్టరు ఆయనకు నెమ్మదిగా చెప్పి, కడుపుమంటకు పాంటోప్రజోల్ రాశారు.

జబ్బుపడిన పెంపుడు జంతువును వదిలి ఊరికి ఎలా వెళ్లాలో, పిల్లలకు ఎలా నచ్చజెప్పాలో తోటి తల్లులకు చెబుదామని ఇది మొదలుపెట్టాను. మాత్రలు ముందుగానే కోసి పెట్టండి, ఊపిరి లెక్కపెట్టడం చూసుకునేవారికి నేర్పండి, అంతవరకు నిశ్చింతగా చెప్పగలను. ఆ తరవాత చెప్పడానికి నా దగ్గర ధైర్యం లేదు. ఆ మూడు వారాల్లో మిరియానికి ఏమైనా అయ్యుంటే నా కూతురి ముఖం నేను ఎలా చూసేదాన్ని? ఏమీ కాలేదు కాబట్టి నేను చేసింది సరైనదని అనలేను. పాపను తీసుకెళ్లకపోయుంటే ఆ తొమ్మిది మాత్రల సంగతీ బయటపడేది కాదు. ఈ రెండింటినీ ఎటు కూడి చూసినా నాకు లెక్క తేలడం లేదు.

ఇప్పుడు తాతా మనవరాలూ రోజూ మాట్లాడుకుంటున్నారు. ఆయన పట్టీని కెమెరాకు దగ్గరగా పెడతాడు, పాప ఖాళీ గదులు లెక్కపెడుతుంది. తరవాత ఆయన, "మిరియం ఎంత?" అని అడుగుతాడు. ఇన్నాళ్లూ ఇరవై నాలుగు, ఇరవై ఆరు అని చెప్పేది. మొన్న ముప్పై రెండు, నిన్న ముప్పై నాలుగు. ఈ మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం. ఆ అంకెలు పాప నాకన్నా ముందు తాతకే చెప్పింది.