పడమటి కిటికీ

ఆదివారం. మా హాలు కిటికీ పడమటి వైపుకి ఉంటుంది. ఈ కాలంలో మధ్యాహ్నం రెండు దాటిందంటే ఎండ తిన్నగా సోఫా మీదకి వచ్చేస్తుంది. దానికి తోడు సందు అవతల కొత్తగా లేచిన అపార్టుమెంటు. ఆ బాల్కనీలో బట్టలారేసుకునేవాళ్ళకి మా టీవీలో ఏ సీరియల్ వస్తోందో కూడా తెలుస్తుంది. నాలుగు దాటాక ఆ బిల్డింగే ఎండకి అడ్డం వస్తుందనుకోండి, దానివల్ల మాకున్న లాభం అదొక్కటే. కర్టెన్ వేస్తే అత్తయ్యకి పడదు. "పట్టపగలు లైటేసుకుని కూర్చోవడమేంటమ్మాయ్" అంటారు. తీస్తే మా అమ్మాయికి పడదు. ఈ కర్టెన్ వేసవి మొదలైన దగ్గర్నుంచీ ముయ్యడం, తియ్యడంతోనే సగం అరిగిపోయింది.

ఇవాళ ఎలాగైనా తేల్చేద్దామని టిఫిన్లు కాగానే మా ఆయనా నేనూ వన్ టౌన్‌లో ఒక గ్లాసు కొట్టుకి వెళ్ళాం. ఆదివారమైనా మధ్యాహ్నం దాకా తీసే ఉంచుతారు. కొట్టులో కుర్రాడు మంచి హుషారైనవాడు. మేం సంగతి చెప్పీ చెప్పకముందే లోపల్నుంచి జానెడు గాజు ముక్క తెచ్చి చేతిలో పెట్టాడు. ఒకవైపు నీలంగా మెరుస్తోంది, రెండోవైపు బూడిద రంగు.

"పోలరైజ్డ్ గ్లాసు మేడమ్. లోపల్నుంచి బయటికి అంతా కనపడుద్ది, బయట్నుంచి లోపలికి ఏమీ కనపడదు. ఎండని కూడా ఆపుద్ది" అన్నాడు. చదరపు అడుక్కి చెప్పిన రేటు మామూలు గాజుకి రెట్టింపు పైమాటే.

జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకుని బతుకుతున్నదాన్ని. ధ్రువణం (పోలరైజేషన్) పాఠం, అంటే వెలుతురు అలల్ని ఒకే దిక్కున ఊగేలా చెయ్యడం గురించి, ఏటా చెప్తాను. ఇక చెయ్యి ఊరుకుంటుందా? మా ఆయన బండి మీద పెట్టుకునే చలవ కళ్ళద్దాలు నిజంగానే పోలరైజ్డ్ రకం. అవి తీసుకుని ముందు వాళ్ళ బిల్లింగ్ కంప్యూటర్ స్క్రీను ముందు పెట్టి మెల్లగా తిప్పాను. ఒకచోటికి వచ్చేసరికి స్క్రీను మీది అంకెలన్నీ నల్లగా మాయమైపోయాయి. కుర్రాడు గల్లా పెట్టె వదిలి లేచి వచ్చాడు. అప్పుడు అదే కళ్ళద్దాల వెనక వాడిచ్చిన గాజు ముక్క పెట్టి, గుమ్మం వెలుతురుకి ఎదురుగా నిండా ఒక చుట్టు తిప్పాను. వెలుతురు రవ్వంత తగ్గలేదు, పెరగలేదు. నిజంగా పోలరైజ్డ్ అయితే ఆ చుట్టులో రెండుసార్లు నల్లబడి తీరాలి.

"అందరూ అలాగే అంటారు మేడమ్" అన్నాడు కుర్రాడు, కాస్త మొహం చిన్నబుచ్చుకుని. పాపం, వాడి తప్పేం ఉంది. పైనుంచి ఏ పేరుతో వస్తే ఆ పేరుతో అమ్ముతాడు.

అది రిఫ్లెక్టివ్ గ్లాసు. గాజు మీద చాలా పలచగా లోహపు పూత ఉంటుంది. పడ్డ వెలుతురులో చాలా భాగాన్ని వెనక్కి కొట్టి, కొంచెమే లోపలికి వదులుతుంది. ఆ పూత అటువైపు ఇటువైపు అని తేడా చూడదు. పగలు బయట వెలుతురు ఎక్కువ కాబట్టి బయటివాడికి తన మొహమే కనపడుతుంది, లోపలి మసక వెలుతురు అందులో మునిగిపోతుంది. అంతకుమించి రహస్యమేమీ లేదు. అందుకే అడిగాను, "మరి రాత్రి మేం లైటేస్తేనో?" అని.

కుర్రాడు ఒక్క క్షణం ఆగి, "రాత్రి కర్టెన్ వేసుకోవాలి మేడమ్" అన్నాడు.

మా ఆయన నవ్వాపుకోలేక బయటికెళ్ళిపోయారు. నేనూ వెనకాలే వెళ్ళాను. కళ్ళద్దాలు ఇంకా నా కళ్ళ మీదే ఉన్నాయి. రోడ్డు పక్క ఆపిన కారు వెనక అద్దం మీద వరసగా నల్లని చుక్కలు, మధ్యలో నీలం ఛాయలు. కళ్ళద్దాలు తీస్తే శుభ్రమైన గాజు, పెడితే చుక్కల చీర. కారు పక్క అద్దాల్నీ వెనక అద్దాన్నీ గట్టిపరచడానికి ఆరొందల డిగ్రీలు దాటేదాకా వేడి చేసి, చల్లటి గాలిని ఎన్నో గొట్టాల్లోంచి ఒక్కసారిగా ఊదుతారు. ఆ గాలి తగిలిన చోట్ల ఒత్తిడి ఒకలా, మిగతా చోట్ల ఒకలా గడ్డకట్టిపోతుంది. ఆకాశం నుంచి వచ్చే వెలుతురు కొంత ధ్రువణమయ్యే ఉంటుంది, ఈ కళ్ళద్దాలు రెండో జల్లెడ. ఒత్తిడిని బట్టి గాజు ఆ ధ్రువణాన్ని ఒక్కోచోట ఒక్కోలా మారుస్తుంది కాబట్టి ఆ ఒత్తిళ్ళన్నీ చుక్కలై బయటపడతాయి. క్లాసులో బోర్డు మీద గంటసేపు చెప్పినా ఎక్కని సంగతి ఈ చుక్కలు చూపిస్తే ఒక్క నిమిషంలో ఎక్కుతుంది. కాకపోతే అరవైమందిని పార్కింగ్‌లోకి తీసుకెళ్తే ప్రిన్సిపాల్ ఊరుకోరు.

కార్ల మాట వస్తే, ఈ కొట్టు బోర్డు మీద కారు ఫిల్ములు కూడా రాసి ఉన్నాయి. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కారు అద్దాలకి నల్ల ఫిల్ము అంటించకూడదని చెప్పాక ట్రాఫిక్ పోలీసులు నడిరోడ్డు మీదే గోళ్ళతో పీకించడం మొదలుపెట్టారు. ముందూ వెనకా అద్దాలు 70 శాతం, పక్క అద్దాలు 50 శాతం వెలుతురు వదలాలని రూలు. ఇంటి కిటికీకి అలాంటి రూలేమీ లేదు, అత్తయ్య తప్ప.

అన్నాలు తిన్నాక మా అమ్మాయి అడిగింది. "అమ్మా, అసలు నిజం పోలరైజ్డ్ కిటికీలు ఎక్కడైనా ఉన్నాయా, లేక అదీ కొట్టువాళ్ళ కబురేనా?"

ఉన్నాయి, రైలుకి పెట్టారు కూడా. అమెరికాలో 1930ల చివర్లో యూనియన్ పసిఫిక్ వాళ్ళ సిటీ ఆఫ్ లాస్ ఏంజెలిస్ అనే రైల్లో, కాపర్ కింగ్ అనే పెట్టె కిటికీలకి రెండేసి పోలరాయిడ్ పలకలు, అంటే వెలుతురుని ధ్రువణం చేసేవి, బిగించారు. ఒకటి కదలదు, రెండోదాన్ని చిన్న పిడి పట్టుకుని తిప్పాలి. రెండూ ఒకే దారిలో ఉంటే బయటి దృశ్యం కనపడుతుంది, తిప్పేకొద్దీ మసకబారి చివరికి నల్లబడుతుంది. తెర అక్కర్లేదు.

ఆ పలక వెనకున్న కథ నాకు చాలా ఇష్టం. ఇంగ్లండులో బ్రిస్టల్ డాక్టరు విలియం హెరాపత్ దగ్గర ఒక శిష్యుడు క్వినైన్ తిన్న కుక్క మూత్రంలో అయోడిన్ చుక్క వేస్తే ఆకుపచ్చ స్ఫటికాలు వచ్చాయట. అవి ఒకదాని మీద ఒకటి పడ్డచోట కొన్ని తేటగా, కొన్ని కారునలుపుగా కనపడ్డాయి. హెరాపత్ దాన్ని 1852లో ప్రకటించాడు. ఎంతమంది ప్రయత్నించినా ఆ స్ఫటికాల్ని పెద్దవిగా పెంచడం కుదర్లేదు. 1929లో ఎడ్విన్ ల్యాండ్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు పెద్దవెందుకని లక్షల కొద్దీ చిన్నవాటినే ప్లాస్టిక్‌లో ఒక వరసలో నిలబెట్టాడు. 1938కల్లా ఆ స్ఫటికాలు కూడా మానేసి, సాగదీసిన ప్లాస్టిక్ రేకుకి అయోడిన్ పట్టించే పద్ధతికి వచ్చాడు. మా ఆయన కళ్ళద్దాలదీ, కంప్యూటర్ స్క్రీనుదీ ఆ వంశమే.

కుక్క మూత్రం దగ్గర అత్తయ్య లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ఇంతకంటే పాతది ఇంకోటుంది. 1808లో పారిస్‌లో ఎటియెన్ లూయీ మాలుస్ సాయంత్రంపూట ఇంట్లో కూర్చుని, ఎదుటి లక్సెంబర్గ్ భవనం కిటికీల మీద మెరుస్తున్న ఎండని ఐస్‌లాండ్ స్ఫటికంలోంచి చూశాడు. ఆ స్ఫటికంలోంచి ఏది చూసినా రెండు బొమ్మలు కనపడాలి. తిప్పుతుంటే ఆ రెండూ వంతులవారీగా వెలిగి ఆరుతున్నాయి. గాజు మీద పడి తిరిగొచ్చిన వెలుతురు ధ్రువణమై వస్తుందని అలా తెలిసింది. నేను ఏటా బోర్డు మీద రాసే కొసైన్ వర్గం సూత్రం ఆయనదే. రెండు పలకల మధ్య 45 డిగ్రీలుంటే మొదటిది దాటిన వెలుతురులో సగం, 60 డిగ్రీలుంటే పావు వంతు రెండోదాన్ని దాటుతుంది. ఎదురింటి కిటికీలోకి చూసి ఇంత పని చేసినవాడు ఇంకొకడు లేడు.

"అయితే మనం కూడా ఆ రైలు కిటికీ పెట్టించుకోవచ్చుగా" అంది మా అమ్మాయి.

ఇక్కడే ఉంది చిక్కు. కిటికీకి ఊచలుంటాయి చూడండి, వాటి సందుల్లోంచి కర్రని నిలువుగా పెడితే దూరుతుంది, అడ్డంగా పెడితే తగులుకుంటుంది. వెలుతురు అలలకి పోలరాయిడ్ పలకా అలాంటిదే. మామూలు వెలుతురులో నిలువుగా, అడ్డంగా, అన్ని దిక్కులా ఊగే అలలు కలిసే ఉంటాయి కాబట్టి మొదటి పలక దగ్గరే సగం పోతుంది. ఎంత నిండుగా తెరిచినా సగానికంటే తక్కువే గదిలోకి వస్తుంది. సాదా గాజు దాదాపు 90 శాతం వదులుతుంది. అంటే వానాకాలంలో పొద్దున్న పదింటికి కూడా మా హాల్లో ట్యూబులైటే గతి. మింగిన వెలుతురు ఊరికే పోదు, పలక వేడెక్కుతుంది. అయోడిన్ పట్టించిన రేకుకి వేడీ తేమా పడవు, రంగు చెడిపోతుంది. ఆ రెండిట్లో బెజవాడ ఎవరికీ తీసిపోదు.

అయినా నాకు వేరే ఆశ ఒకటి పుట్టింది. కారు హెడ్‌లైట్లకి ల్యాండ్ వేసిన ప్లాను గుర్తొచ్చింది. అన్ని కార్ల లైట్లకీ, ముందు అద్దాలకీ ఒకే వాలులో, 45 డిగ్రీలకి పలకలు పెడితే, ఎదురుగా వచ్చే కారు పలక మనకి సరిగ్గా అడ్డంగా పడుతుంది. మన లైటు మనకి కనపడుతుంది, వాడి లైటు కళ్ళల్లో కొట్టదు. ఏ దేశమూ దాన్ని అమల్లో పెట్టలేదు. కార్లన్నీ ఒకేసారి మారితే తప్ప ఉపయోగం లేదు మరి. ఇళ్ళకైతే? మా సందులో అటూ ఇటూ కలిపి రెండే బిల్డింగులు.

ల్యాబ్‌లోవి పాత పోలరాయిడ్ ముక్కలు నా బీరువాలో ఉన్నాయి. మా అమ్మాయిని హాలుకి అటు చివర నిలబెట్టి, ఇద్దరం తలొక ముక్కని కళ్ళ ముందు ఎవరి కుడివైపుకి వాళ్ళు వంచి పట్టుకున్నాం. దాని జడ కనపడుతోంది, వెనక గోడా క్యాలెండరూ కాస్త మసగ్గా కనపడుతున్నాయి, కళ్ళున్న చోట మాత్రం నల్లటి చదరం. దానికి నా మొహమూ అంతే. ఫ్యాను కింద, ట్యూబులైటు వెలుతుర్లో, నాలుగడుగుల దూరంలో ఒకళ్ళకొకళ్ళం లేకుండా పోయాం. ఎన్నిసార్లు చెప్పిన పాఠమైనా ఒళ్ళు జలదరించింది. మా కిటికీలకీ వాళ్ళ కిటికీలకీ ఇలా పెడితే ఆకాశం వెలుతురు రెండిళ్ళకీ వస్తుంది, మనుషులు మాత్రం కనపడరు.

"వాళ్ళింటికెళ్ళి, మీ కిటికీలు మార్చుకోండి, మా ఆవిడ లెక్క సరిపోతుంది అని చెప్పమంటావా?" అన్నారు మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా. ఎదురింటి ఆవిడ కూరగాయల బండి దగ్గర కలిస్తే నవ్వి పలకరిస్తుంది, మంచిదే. అంత చనువుంటే పలకలెందుకు, బట్టలు అవతలి బాల్కనీలో ఆరేసుకోమని అడగొచ్చు.

నాలుగింటికి హైదరాబాద్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడి ఆఫీసులో మీటింగ్ రూములన్నీ గాజువే. "అక్కా, బయట్నుంచి చూస్తే లోపల మనుషులు కనపడతారు, టీవీ స్క్రీను మాత్రం ఎప్పుడూ ఆపేసినట్టు నల్లగా ఉంటుంది. లోపలికెళ్తే ప్రెజెంటేషన్ నడుస్తూ ఉంటుంది" అన్నాడు. ఇది అచ్చంగా మన సరుకే! ఎల్‌సీడీ స్క్రీను నుంచి వచ్చే వెలుతురు ముందే ధ్రువణమై ఉంటుంది. గాజుకి దానికి అడ్డంగా పోలరైజింగ్ ఫిల్ము అంటిస్తే స్క్రీను ఒక్కటే మాయమవుతుంది. ఒకవైపు ఒప్పందం స్క్రీనే ముందుగా చేసి పెట్టింది కాబట్టి ఇక్కడ పని జరిగింది. వాళ్ళ బాస్ క్యాబిన్‌కి స్విచ్చి నొక్కితే తేటపడే గాజు ఉందట, అది మాత్రం వేరే జాతి. అందులో ద్రవస్ఫటికపు బిందువులు కరెంటు ఉంటే ఒక వరసలో నిలబడి వెలుతురు వదులుతాయి, లేకపోతే చెదరగొట్టి పాలలా కనపడతాయి. కరెంటు పోయినప్పుడు బాస్ గారి పరువు దక్కుతుందన్నమాట.

సాయంత్రం చల్లబడ్డాక ప్రకాశం బ్యారేజీ దాకా వెళ్ళాం. కళ్ళద్దాలు మళ్ళీ నేనే లాక్కున్నాను. నీళ్ళ మీద తళుకు ఏటవాలుగా చూసేచోట తల పక్కకి వంచితే వస్తుంది, నిటారుగా పెడితే పోతుంది. పోయినచోట అడుగున రాళ్ళు, పట్టిన నాచు, ఒక ప్లాస్టిక్ సీసా. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1921లో ఓడ మీద ఇంగ్లండు నుంచి వస్తూ ఇలాగే నికోల్ పట్టకంతో (వెలుతురుని ధ్రువణం చేసే స్ఫటికపు ముక్క) సముద్రం మీది తళుకుని తీసేసి చూశాడు. ఆకాశపు ప్రతిబింబం పోయాక కూడా సముద్రం నీలంగానే ఉంది, కాబట్టి ఆ నీలం నీళ్ళదే అని తేల్చాడు. మా అమ్మాయికి చెప్తే, "మరి ఆ సీసా ఎవరిది?" అంది.

తిరిగొచ్చేటప్పుడే కిటికీ సంగతి తేలిపోయింది. కింది సగానికి పిన్‌హెడ్ గ్లాసు (సన్నటి బొడిపెలుండే గాజు), పై సగం సాదా గాజు, బయటవైపు చుట్టేసుకునే వెదురు తడిక. గాజు దాటి లోపలికి వచ్చాక ఎండని ఆపడం కంటే బయటే ఆపడం మేలు. రాత్రి కూడా పిన్‌హెడ్ లోంచి రంగులు కదలడమే కనపడుతుంది గానీ మనుషులు తెలియరు, అదీ చవగ్గా. కార్పెంటర్‌కి ఫోన్ చేస్తే మంగళవారం వస్తానన్నాడు. మంగళవారం గుమ్మాలూ కిటికీలూ కదపకూడదని అత్తయ్య. బుధవారానికి మార్చాం. ఆరోజు నాకు ఇన్విజిలేషన్ ఉంది, మా ఆయన్ని సెలవు పెట్టమన్నాను.