దేవ్‌లీకి వెళ్ళిన రైలు

1962 చైనా యుద్ధం అనగానే మనకి గుర్తొచ్చేవి తవాంగ్, బొమ్డిలా, ఓటమి, నెహ్రూ. నవంబర్ 21న కాల్పుల విరమణతో మన కథ ముగిసిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే అస్సాంలోని మాకుం, తిన్సుకియాల్లో, షిల్లాంగ్‌లో, డార్జిలింగ్ కొండల్లో పోలీసులు చైనా మూలాలున్నవాళ్ళ తలుపులు కొట్టారు. కొద్ది రోజులేనని, చేతికందిన బట్టలు తెచ్చుకోమని చెప్పారని అప్పటివాళ్ళు నేటికీ చెబుతారు. ముందు స్థానిక జైళ్ళు, తర్వాత దాదాపు వారం రోజుల రైలు ప్రయాణం, చివరికి రాజస్థాన్ టోంక్ జిల్లాలోని దేవ్‌లీ శిబిరం. అలా వెళ్ళినవాళ్ళు సుమారు 3,000 మంది. ముసలివాళ్ళు, చంటిబిడ్డలు కూడా ఉన్నారు.

దారిలో స్టేషన్లలో జనం రాళ్ళు విసిరారు. అది నిజమే. కానీ రాళ్ళకంటే ముందు కాగితాలు పనిచేశాయి. నా దృష్టిలో అసలు అన్యాయం ఆ కాగితాల్లోనే ఉంది.

అక్టోబర్ 26న ఎమర్జెన్సీ వచ్చింది. భారత్ లాంఛనంగా యుద్ధం ప్రకటించలేదు కాబట్టి 'శత్రుదేశం' అన్న మాట ఒక్కటే సరిపోదు. అందుకే విదేశీయుల చట్టానికి చేసిన సవరణలో 'భారత్‌తో యుద్ధంలో ఉన్న, లేదా భారత్‌పై దురాక్రమణ చేస్తున్న దేశం' అని రాశారు. చైనీయులపై ఆంక్షల ఉత్తర్వు ఇంకా లోతుకి వెళ్ళింది. తల్లిదండ్రుల్లో, తాతల్లో, అమ్మమ్మ నాయనమ్మల్లో ఏ ఒక్కరు ఎప్పుడైనా చైనా పౌరులై ఉన్నా చాలు, మనవడికీ అది వర్తిస్తుంది. నమోదైన ఊరు విడిచి 24 గంటలకి మించి బయట ఉండాలంటే అనుమతి తీసుకోవాలి. సరుకు కోసం పక్క పట్నానికి వెళ్ళి ఒక రాత్రి నిద్ర చేసే చిన్న వ్యాపారి బతుకు దీంతోనే సగం దెబ్బతింటుంది.

పౌరసత్వం కాపాడలేదా? 1955 చట్టం ప్రకారం 1950 జనవరి 26 తర్వాత ఇక్కడ పుట్టిన పిల్లలు పుట్టుకతోనే భారతీయులు. అంటే దేవ్‌లీ బ్యారక్‌లో ఉన్న పదేళ్ళ పాప మన పౌరురాలే. పెద్దల ఇబ్బంది వేరు. చాలామంది దగ్గరున్నవి కొమింటాంగ్ (కమ్యూనిస్టులకి ముందు చైనాని ఏలిన పార్టీ) కాలపు పాస్‌పోర్టులు. 1949 డిసెంబర్ 30న భారత్ కమ్యూనిస్టు చైనాని గుర్తించాక ఆ కాగితాలకి విలువ పోయింది. కొత్త చైనా పాస్‌పోర్టు తీసుకుంటే శత్రుపౌరుడు, తీసుకోకపోతే ఏ దేశమూ లేనివాడు. కోర్టుకెళదామంటే ఎమర్జెన్సీలో ఆ దారీ మూసేశారు.

1963లో చైనా మద్రాసు రేవుకి ఓడలు పంపింది. మూడు విడతల్లో సుమారు 2,400 మంది వెళ్ళారు. వాళ్ళలో చాలామంది అప్పటిదాకా చైనా చూసినవాళ్ళు కారు. పిల్లలు మాట్లాడేది అస్సామీ, హిందీ. కొన్నేళ్ళకి సాంస్కృతిక విప్లవం వచ్చినప్పుడు, ఇండియా నుంచి వచ్చారని వాళ్ళని అక్కడా అనుమానించారు.

ఉండిపోయినవాళ్ళలో కొందరికి 1967 దాకా విడుదల లేదు. ఇంటికొచ్చేసరికి ఇల్లు లేదు. మాకుంలో దుకాణాలు, ఇళ్ళు వేలంలో పోయాయి. చైనా పౌరులుగా లెక్కేసినవాళ్ళ ఆస్తులు 'శత్రు ఆస్తుల సంరక్షకుడు' అనే ప్రభుత్వ అధికారి చేతికి వెళ్ళాయి. 1968 శత్రు ఆస్తుల చట్టం ఆ పద్ధతిని స్థిరపరిచింది. 2017 సవరణ తర్వాత వారసుడు భారతీయుడైనా వాటిపై హక్కు లేదు. 2018 నాటి కేంద్రం లెక్కలో చైనా పౌరులవిగా 126 ఆస్తులున్నాయి. చాలామంది కలకత్తాలో చైనీయులుండే టాంగ్రా పేటకి, అక్కడినుంచి టొరంటోకి వెళ్ళిపోయారు.

అమెరికాలో పుట్టిన పిల్లలున్న తెలుగు ఇళ్ళవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. 1942లో ఆ దేశమూ జపాన్ మూలాలున్న దాదాపు 1,20,000 మందిని శిబిరాల్లో పెట్టింది. వాళ్ళలో మూడింట రెండు వంతులు అక్కడ పుట్టిన పౌరులే. 1988లో చట్టం చేసి క్షమాపణ చెప్పింది, బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లిచ్చింది.

దేవ్‌లీ వాళ్ళు అడిగేది అంత కూడా కాదు. ఒక క్షమాపణ, ఆ చోట ఒక గుర్తు. శిబిరం స్థలంలో ఇప్పుడు సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) శిక్షణ కేంద్రం నడుస్తోంది.