చీర కొనే ముందు వెనకవైపు చూడండి

రెండేళ్ళ క్రితం చెల్లెలి పెళ్ళికి పెట్టుబడి చీరల కోసం నల్లగొండలో ఒక దుకాణానికి వెళ్ళి, పోచంపల్లి చీరలని చెబితే నమ్మి, ధర తక్కువని సంబరపడి ఐదు తెచ్చాను. ఇంట్లో అమ్మ ఒక చీర కొంగును తిరగేసి, ఏమీ అనకుండా నా ముందు పరిచింది. పైకి ముదురు ఎరుపులో ఉన్న పువ్వు వెనకవైపు వెలిసిన గులాబీ రంగులో ఉంది. అది పాలిస్టర్ గుడ్డ మీద కొట్టిన అచ్చు. నేత మనిషికి దక్కవలసిన కూలి ఆ అచ్చు మింగేసిందన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

అసలు పోచంపల్లి నేతలో గుడ్డ తయారుకాకముందే నూలు మీద బొమ్మ పుడుతుంది. సైకిలు ట్యూబు రబ్బరు పేలికలతో నూలును గట్టిగా కట్టి రంగులో ముంచి, విప్పి, మరోచోట కట్టి మళ్ళీ ముంచుతారు. రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి రెండువైపులా బొమ్మ ఒకేలా కనిపిస్తుంది, పువ్వు అంచు కొద్దిగా చెదిరినట్టు ఉంటుంది. దానికి ముందు ఆసు పోయాలి, అంటే నూలును చేత్తో మేకుల చుట్టూ అటూఇటూ తిప్పాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి ఆడించాలి. తల్లి భుజాల నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు.

చేమగ్గానికి కరెంటు అక్కర్లేదు. పాలిస్టర్ పెట్రోలియం నుంచి వస్తుంది, ఉతికిన ప్రతిసారీ కంటికి కనపడని ప్లాస్టిక్ పోగులను నీళ్ళలోకి వదులుతుంది. అయితే చేనేత అన్నంత మాత్రాన అంతా శుభ్రమని నేను అనను, ఎందుకంటే రసాయన రంగు నీళ్ళను ఎక్కడ పారబోస్తున్నారన్నది కూడా మనం అడగవలసిన ప్రశ్నే. పుట్టపాక ఊళ్ళో నేసే తేలియా రుమాలు అనే గుడ్డకు నూలును ఆముదపు కాయల బూడిద, నూనె కలిపిన నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టే పద్ధతిని చూస్తే, ఓపిక ఉంటే ఎంత మేలైన దారి ఉందో తెలుస్తుంది.

ఇప్పుడు నేను ఏడాదికి ఒకటో రెండో కొంటున్నాను, అవీ నేసినవారి దగ్గరో, సహకార సంఘంలోనో, చేనేత గుర్తు చూసుకుని. మొన్నటి బతుకమ్మకు మాత్రం కొత్తది కొనలేదు. అమ్మ ఇరవై ఏళ్ళ కిందట కట్టిన నారాయణపేట నూలు చీరకు అంచు ఒకచోట ఊడితే కుట్టించి, గంజి పెట్టి కట్టుకున్నాను.