పిట్‌వాటర్ నుంచి బండబర్గ్ దాకా: 46 రోజుల్లో 11 రోజులు సెయిలింగ్, మిగతాదంతా ఆగడమే

జులై 9, బండబర్గ్ పోర్ట్ మెరీనా, బర్నెట్ హెడ్స్. నిన్న మధ్యాహ్నం మూడున్నరకి తాళ్ళు కట్టేసి ఇంజన్ ఆపాం. మే 24న సిడ్నీకి ఉత్తరాన పిట్‌వాటర్‌లో బయల్దేరాం కదా, మొత్తం 46 రోజులు, లాగ్‌లో 640 నాటికల్ మైళ్ళు. అందులో పడవ నిజంగా కదిలింది 11 రోజులే. మిగతా 35 రోజులు గాలి కోసం, పోటు కోసం, స్వెల్ (దూరం నుంచి ఉబ్బుకుంటూ వచ్చే పెద్ద అలలు) తగ్గడం కోసం ఏదో ఒక రేవులో కూర్చున్నాం. ఈ రూట్ చెయ్యాలనుకుంటున్న మనవాళ్ళు ఇద్దరు ముగ్గురు అడిగారు కాబట్టి గుర్తున్నవన్నీ రాసేస్తున్నా, ఒక వరస ఉండదు.

పడవ 34 అడుగుల పాత ఫైబర్‌గ్లాస్ స్లూప్ (ఒకే స్తంభం ఉన్న తెరచాప పడవ), 1980ల నాటిది, కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) లోతు 1.8 మీటర్లు, 27 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్. డీజిల్ ట్యాంక్ 80 లీటర్లు, పైన రెండు 20 లీటర్ల క్యాన్లు, నీళ్ళు 180 లీటర్లు. సోలార్ 300 వాట్లు, ఫ్రిజ్‌కీ ఆటోపైలట్‌కీ ఎండ ఉన్న రోజు సరిపోతుంది, మబ్బేస్తే ఫ్రిజ్ ఆపెయ్యాలి. యాంకర్ 15 కిలోలు, 8 ఎంఎం చైన్ 50 మీటర్లు. ఎపర్బ్ (ప్రమాదంలో శాటిలైట్‌కి సిగ్నల్ పంపే పరికరం), విహెచ్ఎఫ్ రేడియో, లైఫ్ జాకెట్లు, జాక్‌లైన్లు (మనం తాడు తగిలించుకోడానికి డెక్ పొడవునా కట్టే పట్టీలు) అన్నీ మార్చిలోనే సరి చూసుకున్నా. ఇక్కడ తీరం నుంచి 2 నాటికల్ మైళ్ళు దాటితే ఎపర్బ్ ఉండి తీరాలి, రిజిస్ట్రేషన్ ఫ్రీ, చేయించుకోకుండా వెళ్ళకండి. పదేళ్ళ సర్వీస్‌కి వచ్చే లాంగ్ సర్వీస్ లీవ్ మొత్తం దీనికే పెట్టేశా.

ఈ తీరం మీద ఉత్తరానికి వెళ్ళేవాళ్ళకి మొదటి సమస్య ఈస్ట్ ఆస్ట్రేలియన్ కరెంట్. అది దక్షిణానికి పారుతుంది, షెల్ఫ్ అంచు (తీరం వారి లోతు తక్కువ నేల ముగిసే చోటు) దగ్గర 2, 3 నాట్లు (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) మామూలే, మన పడవ వేగమే 5 నాట్లు అంటే లెక్క మీరే వేసుకోండి. సీల్ రాక్స్ దాటాక దాని బలం బాగా తెలుస్తుంది. అందుకని అందరూ తీరాన్ని ఆనుకుని పోతారు, ఒడ్డుకి దగ్గరగా ఉంటే కరెంట్ తక్కువ, ఒక్కోచోట వెనక్కి తిరిగి మనకే సాయం కూడా చేస్తుంది. కానీ ఒడ్డుకి దగ్గరగా అంటే పీతలకీ లాబ్‌స్టర్లకీ వేసిన బుట్టల తాళ్ళు, బుడ్డలు. పగలు తప్పించుకోవచ్చు, రాత్రి కనపడవు, ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే అంతే. మేం పగలు ఒకటి రెండు మైళ్ళ దూరంలో, చీకటి పడ్డాక నాలుగైదు మైళ్ళకి జరిగి వెళ్ళాం, ఆ జరిగినందుకు రాత్రంతా ఒక నాట్ పోగొట్టుకున్నాం. నాకది సరైన బేరమే అనిపించింది.

మొదటి మజిలీ పోర్ట్ స్టీఫెన్స్, 65 మైళ్ళకి కొంచెం పైన. చీకట్లో బారెన్‌జోయి లైట్‌హౌస్ పక్కనుంచి బయటికి వచ్చి, పడమటి గాలి మీద ఒడ్డు వారన నీళ్ళు చదునుగా ఉంటే హాయిగా వెళ్ళిపోయాం. చలికాలంలో న్యూ సౌత్ వేల్స్ తీరానికి ఈ పడమటి గాలే వరం, నేల మీదనుంచి వస్తుంది కాబట్టి అల లేపదు. ఆ తర్వాత సదర్లీ చేంజ్ (గాలి ఒక్కసారిగా దక్షిణానికి తిరగడం) వచ్చింది, ఆరు రోజులు పోర్ట్ స్టీఫెన్స్ లోపలి నెల్సన్ బేలో కూర్చున్నాం. అక్కడ నుంచి కాఫ్స్ హార్బర్ 150 మైళ్ళు దాటుతుంది, ఒక రాత్రి సముద్రంలో గడపక తప్పదు. నేనూ మా బావమరిదీ ఇద్దరమే, వాడు మెల్‌బోర్న్ నుంచి మూడు వారాల సెలవు పెట్టి వచ్చాడు. మూడేసి గంటల వాచ్ (కాపలా వంతు) పెట్టుకున్నాం, ఎవరు పైకొచ్చినా క్యాబిన్ మెట్ల మీద ఉండగానే టెదర్ (మనిషిని పడవకి కట్టి ఉంచే తాడు) క్లిప్ పెట్టుకోవాలి, రెండోవాడిని లేపకుండా కాక్‌పిట్ వదిలి ముందుకి పోకూడదు. ఈ రెండు రూల్స్ మీద ఎక్కడా సడలించలేదు.

మే 31 రాత్రి రెండింటికి, క్రెసెంట్ హెడ్ దాటుతున్నాం, గాలి పడిపోయి ఇంజన్ మీద పోతున్నాం. ఇంజన్ శబ్దం ఒక్కసారి సన్నబడింది, మళ్ళీ పెరిగింది, మళ్ళీ సన్నబడింది. "బావా, ఇంజన్ ఊపిరి అందనట్టు చేస్తోంది" అని వాడు కిందకి అరిచాడు, నేను లేచి వచ్చేలోపు ఆగిపోయింది. ప్రైమరీ ఫిల్టర్ కింద గాజు గిన్నె మీద టార్చ్ వేసి చూస్తే నల్లటి జిగురు. పాత ట్యాంకుల్లో డీజిల్ అడుగున నీళ్ళు చేరితే ఆ రెండూ కలిసే చోట బూజు లాంటిది పెరుగుతుంది, రేవులో నిశ్చలంగా ఉన్నంతకాలం అడుగునే ఉంటుంది, సముద్రంలో ట్యాంక్ కుదిపి కుదిపి పెడితే లేచి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. ఉన్న కాస్త గాలికే జెనోవా (ముందువైపు పెద్ద తెరచాప) తెరిచి, మూతి ఒడ్డుకి దూరంగా తిప్పి, బావమరిదిని చుక్కాని దగ్గర పెట్టి నేను కిందకి దిగా. ట్యాంక్ వాల్వ్ కట్టెయ్యడం, గిన్నె ఖాళీ చెయ్యడం, కొత్త ఎలిమెంట్ పెట్టి శుభ్రమైన డీజిల్‌తో నింపడం, వాల్వ్ తెరవడం, సెకండరీ ఫిల్టర్ పైన స్క్రూ కొంచెం వదులు చేసి లిఫ్ట్ పంప్ మీట చేత్తో కొడుతూ ఉండటం, బుడగలు ఆగి ఒట్టి డీజిల్ వచ్చేదాకా. పాతిక నిమిషాలు పట్టింది. ఫిబ్రవరిలో రేవులో ఉండగా ఇదే పని కళ్ళకి గుడ్డ కట్టుకుని మూడుసార్లు చేసి చూశా, ఆ రాత్రి చేతులకి దారి తెలిసింది. ఎదురుగా స్మోకీ కేప్ లైట్ తిరుగుతూ కనపడుతూనే ఉంది, ఇంజన్ అందుకున్నాక ఇద్దరం చాలాసేపు ఏం మాట్లాడుకోలేదు. స్పేర్ ఫిల్టర్లు నాలుగు తీసుకెళ్ళా, ఇప్పుడు ఎనిమిది ఉంచుతున్నా.

కాఫ్స్ చేరాక ఎనిమిది రోజులు. ట్యాంక్‌లో మిగిలిన డీజిల్ అంతా తోడేసి, ఇన్‌స్పెక్షన్ మూత తీసి చెయ్యి దూరినంత మేర రుద్ది కడిగాం, రెండు రోజుల పని, వళ్ళంతా డీజిల్ వాసన. కాఫ్స్‌కి పాతిక కిలోమీటర్ల ఉత్తరాన వూల్‌గూల్గా అని ఊరు, పంజాబీ కుటుంబాలు తరాలుగా అక్కడ అరటి తోటలు, ఇప్పుడు బ్లూబెర్రీ తోటలు చేస్తున్నారు, పెద్ద గురుద్వారా ఉంది. సరుకులకి అక్కడికే వెళ్ళాం, కరివేపాకు, పచ్చిమిరపకాయలు, మెంతికూర అన్నీ దొరికాయి, సిడ్నీ వదిలాక మొదటిసారి.

తిండి సంగతి చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తున్నా. మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ ఒక్కటే అసలైన గిన్నె, మూత బిగిసి ఉంటుంది కాబట్టి పడవ ఎంత ఊగినా ఒలకదు, గ్యాస్ తక్కువ, నీళ్ళు తక్కువ. రాత్రి ప్రయాణం ఉంటే ముందురోజు రేవులోనే పులిహోర కలిపి పెట్టేస్తాం, చింతపండు పులుపుకి రెండో రోజుకి కూడా పాడవదు, వేడి చెయ్యక్కర్లేదు, ఒక చేత్తో తినొచ్చు. కందిపొడి, నెయ్యి, అమ్మ పంపిన ఆవకాయ. సీ సిక్‌నెస్ మాత్ర బయల్దేరే ముందు రాత్రే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లోపల నిలవదు. బావమరిదికి అల్లం మురబ్బా బాగా పనిచేసింది, నాకు మరమరాలు.

ఇప్పుడు అసలు విషయం, బార్లు. నది సముద్రంలో కలిసే చోట ఇసుక మేట వేసి లోతు తగ్గిపోతుంది కదా, దాన్నే ఇక్కడ బార్ అంటారు. మనది కాకినాడ. అక్కడ ఏటిమొగ అని పేటే ఉంది, మొగ అంటే ఇదే. చిన్నప్పుడు నాన్న సైకిల్ మీద తీసుకెళ్తే పడవల వాళ్ళు ఒడ్డున బీడీ కాల్చుకుంటూ ఊరికే కూర్చుని ఉండేవాళ్ళు. వీళ్ళు పనికి పోరా అని అడిగితే, పోటు కోసం చూస్తున్నారు, ఇదే పని అన్నాడు నాన్న. అప్పుడు నాకు ఏం అర్థం కాలేదు. కాకినాడకి హోప్ ఐలాండ్ అడ్డం ఉంది కాబట్టి పెద్ద అల లోపలికి రాదు, ఇక్కడ పసిఫిక్ నేరుగా వచ్చి కొడుతుంది. నది నీళ్ళు పాటుతో (పోటు తగ్గే వేళ) బయటికి తోస్తుంటే ఎదురుగా స్వెల్ లోపలికి వస్తుంది, రెండూ ఢీకొన్న చోట అల పొట్టిదై నిటారుగా లేచి విరుగుతుంది. అందుకే పోటు ఆఖరి రెండు గంటల్లో, నీళ్ళు లోపలికి పోతున్నప్పుడే దాటాలి. బార్ దాటేటప్పుడు లైఫ్ జాకెట్ వేసుకోవడం న్యూ సౌత్ వేల్స్‌లో చట్టం కూడా.

జూన్ 8న యాంబా దగ్గర, క్లారెన్స్ నది ముఖద్వారం, మేం రెండు గంటలు ముందే వచ్చేశాం. బయట నుంచి, అంటే అలల వీపు వైపు నుంచి చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది, అదే మోసం, విరిగే మొహం ఒడ్డువైపే ఉంటుంది. మెరైన్ రెస్క్యూ వాలంటీర్లని విహెచ్ఎఫ్‌లో అడిగితే ఇప్పుడొద్దు, పోటు ఇంకా రావాలి అన్నారు. బయటే గుండ్రంగా తిరుగుతూ ఉన్నాం. తర్వాత ప్రతి ఏడు నిమిషాలకో ఎనిమిది నిమిషాలకో ఒక పెద్ద అలల గుంపు వస్తోందని లెక్కపెట్టుకుని, ఆ గుంపు పోగానే దాని వెనకే పూర్తి థ్రాటిల్‌తో లోపలికి. హాచ్‌లన్నీ మూసి, మెయిన్ సెయిల్ పైకి ఎత్తి ఉంచి, ఇంజన్ ఆగినా దారి ఉండేలా. ఆరు నిమిషాల్లో లోపలున్నాం. తర్వాత తొమ్మిది రోజులు బయటికి రానివ్వలేదు, దక్షిణ స్వెల్ మూడు మీటర్ల పైనే, రోజూ పొద్దున్నే గట్టు మీదకి నడిచి చూడటం, తిరిగి రావడం. బావమరిది సెలవు అయిపోయి అక్కడి నుంచే వెళ్ళాడు, మా ఆవిడ వచ్చింది. ఆరేళ్ళుగా నాతో సిడ్నీ హార్బర్‌లో సెయిలింగ్ చేస్తోంది కానీ రాత్రి సముద్రం తనకి ఇదే మొదలు.

యాంబా నుంచి గోల్డ్ కోస్ట్ 90 పైన, రాత్రి కేప్ బైరన్ లైట్‌హౌస్ చుట్టి వచ్చాం, ఆస్ట్రేలియా ప్రధాన భూభాగానికి తూర్పు కొస అదే. తెల్లారాక తిమింగలాలు, హంప్‌బ్యాక్‌లు, అవీ మాతో పాటే ఉత్తరానికి. వంద మీటర్ల లోపుకి మనం పోకూడదు, కానీ ఒకటి తనే వచ్చింది, ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టి కదలకుండా ఉన్నాం, అది ఊపిరి వదిలితే వచ్చిన వాసన మా ఆవిడ ఇప్పటికీ చెప్తుంది.

గోల్డ్ కోస్ట్, మూలూలాబా గురించి పెద్దగా ఏం లేదు, మెరీనాలు బాగున్నాయి, రాత్రికి 60 నుంచి 80 డాలర్లు పడింది, బట్టలుతుక్కున్నాం.

కె'గారి దీవి దక్షిణ కొస దగ్గర లోపలికి వెళ్ళే దారి, వైడ్ బే బార్ గురించి మాత్రం రాయాలి. డబుల్ ఐలాండ్ పాయింట్ చాటున రాత్రి లంగరు వేశాం, అక్కడ ఊపుకి నిద్ర పట్టదు, పట్టదని తెలిసే వెళ్ళండి. ఇసుక జరిగిపోతూ ఉంటుంది కాబట్టి చార్ట్‌లో ఉన్న దారి నమ్మకూడదు, టిన్ క్యాన్ బే వాలంటీర్లకి ఫోన్ చేస్తే ఇప్పటి వేపాయింట్లు (దారిలో వరసగా వెళ్ళాల్సిన బిందువులు) చెప్తారు, రాసుకుని మళ్ళీ చదివి వినిపించాలి. జులై 3 పొద్దున పోటు నిండటానికి రెండు గంటల ముందు మొదలుపెట్టాం, స్వెల్ మీటరున్నర లోపు. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో మన దారి మాత్రం చదునుగా, నేను చుక్కాని, మా ఆవిడ ప్లాటర్ (జీపీఎస్ చార్ట్ తెర) చూస్తూ డిగ్రీలు చెప్పడం. బార్ అయిపోయాక కూడా మ్యాడ్ మైల్ అని ఒక కలగాపులగం నీళ్ళ ముక్క ఉంది, అక్కడే చాలామంది అయిపోయిందనుకుని చెయ్యి వదిలేస్తారు. ఇన్‌స్కిప్ పాయింట్ లోపలికి తిరిగాక నీళ్ళు అద్దంలా అయిపోయాయి, కుడిపక్క మొత్తం కె'గారి, 2023 దాకా ఫ్రేజర్ ఐలాండ్ అని పిలిచిందే, ప్రపంచంలోకెల్లా పెద్ద ఇసుక దీవి.

ఆ దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న గ్రేట్ శాండీ స్ట్రెయిట్‌లో పోటు రెండు కొసల నుంచీ వస్తుంది, మధ్యలో షెరిడాన్ ఫ్లాట్స్, బూన్‌లై పాయింట్ దగ్గర కలుస్తుంది, అక్కడే లోతు తక్కువ. కాబట్టి పోటుతో పైకి వెళ్ళి, నిండిన వేళకి ఆ మేట దాటి, పాటుతో అవతలికి జారిపోవాలి. గ్యారీస్ యాంకరేజ్ నుంచి సరిగ్గా అలాగే చేశాం, తక్కువలో తక్కువ కీల్ కింద 70 సెంటీమీటర్లు చూపించింది.

వాతావరణం గురించి ఒక్క మాట. ఆస్ట్రేలియా వాతావరణ బ్యూరో ఫోర్‌కాస్ట్ చెప్పేది సగటు గాలి, వాళ్ళే రాస్తారు, గాలి విసురు ఇంకో 40 శాతం ఎక్కువుండొచ్చు, అల రెండింతలు ఉండొచ్చని. 20 నాట్లు అంటే నేను 28 అని చదువుకుని రీఫ్ (తెరచాప కొంత మడిచి చిన్నది చెయ్యడం) రేవులోనే కట్టేస్తా. ఇంజన్ మొత్తం 46 గంటలు నడిచింది, గంటకి రెండున్నర లీటర్ల చొప్పున 115 లీటర్ల డీజిల్.

సెలవు ఇంకా రెండు వారాలుంది. గ్లాడ్‌స్టోన్, గ్రేట్ కెపెల్, మిడిల్ పెర్సీ దాటి విట్‌సండేస్‌కి లాగెయ్యొచ్చా అని నిన్న రాత్రి చార్ట్ ముందు కూర్చుని ఇద్దరం చాలాసేపు చూశాం. తారీఖులు పెట్టుకుని పోతే గాలి బాగోని రోజు కూడా బయల్దేరాల్సి వస్తుంది, అది వద్దనుకున్నాం. పడవ ఇక్కడే వదిలేసి ఆగస్టు చివర్లో మళ్ళీ వస్తాం, అక్టోబర్‌లో ఉత్తర గాలులు మొదలవుతాయి, వాటి మీద వెనక్కి దిగొచ్చు, నవంబర్‌లో సైక్లోన్ సీజన్ వచ్చేలోపు. మా ఆవిడకి ఆదివారం ఫ్లైట్. నేను ఇంకో నాలుగు రోజులుండి ఇంపెల్లర్ (ఇంజన్ చల్లబరిచే నీటి పంపులో తిరిగే రబ్బరు చక్రం) మార్చాలి, ట్యాంక్ మళ్ళీ ఒకసారి తెరిచి చూడాలి, జెనోవా అంచు కుట్టు ఒక జానెడు ఊడింది, దాన్ని విప్పి దింపడం రేపు గాలి లేని పొద్దున పూటే.