పావు వంతు

పర్మెత్రిన్ అనే పేరు నాకు కొత్త కాదు. తణుకులో ఒక మెడికల్ షాపులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. గజ్జికి డాక్టర్లు రాసే చీటీల్లో ఎక్కువగా కనిపించేది పర్మెత్రిన్ 5 శాతం క్రీమే. రాత్రి మెడ నుంచి పాదాల దాకా రాసుకోండి, పొద్దున్నే స్నానం చేయండి, ఇంట్లో అందరూ ఒకేసారి వాడండి అని చెప్పి ఇస్తాను. రెండు నెలలు నిండిన పసిబిడ్డలకి కూడా డాక్టర్లు రాస్తారు. అందుకే ఆ పేరు చూస్తే నాకు ఏ భయమూ ఉండేది కాదు. భయపడి ఉంటే మా సున్నుండకి అంత కష్టం వచ్చేది కాదు.

సున్నుండ మా పిల్లి. సరిగ్గా మినప సున్నుండ రంగు. మూడున్నర కిలోలు. దానికి తోడు భీముడు, పదహారు కిలోల మామూలు ఊరకుక్క. వానలు మొదలయ్యాక భీముడి చెవుల్లో, వేళ్ల సందుల్లో గోమార్లు పట్టాయి. పట్టుకారుతో తీసి కిరోసిన్‌లో వేస్తే మర్నాటికి మళ్లీ అన్నీ ఉండేవి. పెట్ షాపులో అడిగితే మెడ వెనక, వీపు మీద పోసే మందు ఇచ్చారు. పెట్టెలోంచి రెండు ప్లాస్టిక్ గొట్టాలు విడిగా తీసి, కాగితం కవర్లో వేసి ఇచ్చారు. పెట్టె అడగాలని నాకు తట్టలేదు. మా షాపులో స్ట్రిప్ కత్తిరించి నాలుగు బిళ్ళలు ఇస్తే ఎవరూ పెట్టె అడగరు కదా.

శనివారం రాత్రి ఏడింటికి భీముడికి ఒక గొట్టం పూర్తిగా పోశాను. సున్నుండ కూడా రెండు రోజులుగా మెడ గోక్కుంటోంది. రెండో గొట్టం తీసి బరువు లెక్క వేశాను. కుక్క పదహారు, పిల్లి మూడున్నర. అంటే పావు వంతు కంటే కొంచెం తక్కువ. పిల్లలకి సగం బిళ్ళ, పావు బిళ్ళ అని రోజూ చెప్పే నోరు నాది. గొట్టంలో 2.5 మిల్లీలీటర్లు. చాలా జాగ్రత్తగా, అర మిల్లీలీటరు దాటిందో లేదో అన్నంత మాత్రమే దాని మెడ వెనక వేశాను. లెక్కలో తప్పు లేదు. ఇప్పుడు వేసినా అదే వస్తుంది.

పదకొండున్నరకి దాని చెవులు అదరడం చూశాను. ఈగ వాలితే పిల్లి చెవి విదిలిస్తుందే, అలాగ. కాకపోతే ఆగడం లేదు. కాసేపటికి వీపు మీద చర్మం అలలు అలలుగా కదిలింది. తర్వాత ముందు కాళ్లు. నోట్లోంచి చొంగ. మంచం మీదకి ఎగరబోయి పడిపోయింది. అత్తయ్య మజ్జిగ పట్టమన్నారు. మా ఆయన రాజమండ్రిలోని జంతువుల డాక్టర్ గారికి అప్పటికే ఫోన్ చేస్తున్నారు. అర్ధరాత్రి అయినా ఆయన ఎత్తారు.

"ఏం వేశారమ్మా? గొట్టం మీద ఏముందో చదవండి."

టార్చి వెలుతురులో చదివాను. ఇమిడాక్లోప్రిడ్ అనే మరో పురుగుమందు, పర్మెత్రిన్. పర్మెత్రిన్ మిల్లీలీటరుకు 500 మిల్లీగ్రాములు. అంటే 50 శాతం. నేను రోజూ అమ్మే క్రీముకి పది రెట్లు గాఢం. కింద, గోరంత అక్షరాల్లో, కుక్కలకు మాత్రమే అని ఉంది.

ఆయన ఒక్క క్షణం కూడా నన్ను తిట్టలేదు. గిన్నెలు తోమే లిక్విడ్‌తో మెడ, వీపు రెండుసార్లు కడగమన్నారు. నీళ్లు గోరువెచ్చగా మాత్రమే ఉండాలి. బాగా వేడి నీళ్లయితే చర్మానికి రక్తం పరిగెత్తి మందు ఇంకా లోపలికి పోతుంది. చల్లటి నీళ్లూ వద్దు, ఒళ్లు చల్లబడితే ఈ మందు నరాల మీద మరింత గట్టిగా పనిచేస్తుంది. నోట్లో మజ్జిగ, పాలు, నీళ్లు ఏవీ పోయొద్దు, వణుకుతున్న జంతువుకి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తుడిచి, తువ్వాల్లో చుట్టి వెంటనే బయలుదేరమన్నారు.

సిద్ధాంతం వంతెన మీద ఉండగా దానికి మొదటి ఫిట్ వచ్చింది. కారులో లైటు వేయొద్దని, గట్టిగా మాట్లాడొద్దని డాక్టర్ గారు ముందే చెప్పారు. చీకట్లో నా ఒళ్లో అది బిగుసుకుపోతుంటే ఏమీ చేయలేక కూర్చున్నాను. ఆ ఇరవై నిమిషాలు ఎలా రాయాలో నాకు తెలియదు.

క్లినిక్‌లో చూస్తే జ్వరం 105 ఉంది. కండరాలు అంతసేపు ఆగకుండా అదరడం వల్ల వచ్చిన వేడి అది. కండరాలు వదులు కావడానికి మెథోకార్బమాల్, ఫిట్స్‌కి మిడజోలం, సెలైన్. ఇవన్నీ మా షాపు అరల్లో పేర్లు చూసినవే. తర్వాత 20 శాతం కొవ్వు ద్రవం ఎక్కించారు, నోటితో తినలేని రోగులకి ఐసీయూలో పెట్టే పాలలాంటి తెల్లటిది. పర్మెత్రిన్ కొవ్వులో కరుగుతుంది కాబట్టి రక్తంలో తిరిగే ఆ కొవ్వు దాన్ని నరాల దగ్గర్నుంచి లాక్కుంటుందట. తెల్లవారుజామున వణుకు తగ్గింది. పూర్తిగా ఆగడానికి ఆదివారం రాత్రి దాకా పట్టింది.

అది నిద్రపోతుంటే డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పారు. ఒక జాతి తెల్ల చామంతి పూలని ఎండబెట్టి తీసే పైరెత్రిన్ అనే పురుగుమందుకి ల్యాబులో తయారైన చుట్టం ఈ పర్మెత్రిన్. నరంలో సోడియం లోపలికి వచ్చే ద్వారాలు తెరుచుకుని వెంటనే మూసుకోవాలి. ఇది వాటిని తెరిచే ఉంచుతుంది. గోమారి అలాగే చస్తుంది. కుక్క కాలేయం, మన కాలేయం ఈ మందుని త్వరగా విరిచి, గ్లూకురోనిక్ ఆమ్లం అనే చక్కెరలాంటి పదార్థాన్ని తగిలించి బయటికి పంపేస్తాయి. పిల్లి కాలేయంలో ఆ తగిలించే ఎంజైములు చాలా తక్కువ. అందుకే మందు ఒంట్లోనే తిరుగుతూ ఉంటుంది. నేను వేసిన లెక్క బరువుది. అక్కడ కావలసింది కాలేయం లెక్క.

ఇంకో సంగతి కూడా అడిగారు. "కుక్క, పిల్లి కలిసి పడుకుంటాయా?" రోజూ భీముడి వీపు మీద తల పెట్టుకునే పడుకుంటుంది సున్నుండ, దాని మెడ నాకుతుంది కూడా. నేను దానికి చుక్క కూడా వేయకపోయినా ఆ రాత్రి ప్రమాదం ఉండేదన్నమాట. ఇంటికి తెచ్చాక మూడు రోజులు వెనక గదిలో విడిగా పెట్టాం. భీముడు తలుపు దగ్గర పడుకుని మూలుగుతూనే ఉన్నాడు. ఇప్పుడు ఇద్దరికీ వాళ్లవాళ్ల మందు డాక్టర్ గారే తూకం చూసి ఇస్తారు. భీముడిది పర్మెత్రిన్ లేనిది.

గొట్టం వెనక ఉన్న బ్యాచ్ నంబరు, కంపెనీ చిరునామా ఫోటో తీసి, ఎప్పుడు వేశాను, ఎంత వేశాను, ఎన్ని గంటలకి మొదలైంది అంతా రాసి కంపెనీకి మెయిల్ పెట్టాను. తప్పు నాదే అని కూడా రాశాను. మందు వికటించినప్పుడు చెప్పడమంటే ఫిర్యాదు చేయడమే అని చాలామంది ఆగిపోతారు. డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలు చెప్పింది, అక్కడ పెంపుడు జంతువుకి మందు పడకపోతే యజమానే 1932ఏ అనే ఫారం నింపి అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి పంపొచ్చట. ఏ మందు ఏ జంతువుకి పడదో తెలిసేది ఇలా ఒక్కొక్కరు రాస్తేనే కదా. విడిగా గొట్టాలు అమ్మొద్దని ఆ పెట్ షాపు అబ్బాయికీ వెళ్లి చెప్పాను. పెట్టె తీసి చూపించాడు. మూల మీద పిల్లి బొమ్మ, దాని మీద అడ్డంగా గీత. అది చూసి అక్కడే నిలబడి ఏడ్చేశాను.

మొన్న మంగళవారం మా షాపుకి ఒక పెద్దాయన వచ్చారు. పసిపిల్లల పారాసెటమాల్ చుక్కల మందు కావాలన్నారు. బిడ్డకి ఎన్ని నెలలండీ, బరువెంత అని అలవాటుగా అడిగాను. "బిడ్డకి కాదమ్మా, పిల్లిపిల్లకి. ఒళ్లు కాలిపోతోంది. రెండు చుక్కలే వేస్తాను" అన్నారు. నెల రోజుల క్రితం అయితే బహుశా ఇచ్చేసేదాన్ని.

చేతిలో సీసా పక్కన పెట్టి ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టాను. పిల్లి కాలేయం దీన్ని కూడా బయటికి పంపలేదని, రక్తం గోధుమరంగుకి తిరిగి చిగుళ్లు నల్లబడతాయని, మొహం వాస్తుందని, ఒక్క బిళ్ళకే పెద్ద పిల్లి కూడా చచ్చిపోవచ్చని చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. "పొద్దున ఒక చుక్క వేశానమ్మా" అన్నారు.

డాక్టర్ గారి నంబరుకి నేనే ఫోన్ చేసి ఆయన చేతికిచ్చాను. షాపు మా ఓనర్ గారికి అప్పగించి, పిల్లిపిల్లని తీసుకురావడానికి ఆయనతో పాటు వాళ్లింటికి బయలుదేరాను.