కాలిబ్రేటర్ బాగానే ఉంది, అడ్డం పడింది డ్రైవరు

మానిటర్ మీద పెట్టి రంగులు కొలిచే కాలిబ్రేటర్ ఒక్కసారి పనిచేయకపోతే చాలు, అమ్మేవాళ్లూ తోటి డిజైనర్లూ ఒకే మాట అంటారు: "పాతదైపోయిందండీ, కొత్తది తీసేసుకోండి." కొత్తదంటే వేలల్లో ఖర్చు. పెళ్లిళ్ల సీజన్ మధ్యలో ఆ టెన్షన్‌కి చాలామంది కొనేస్తారు కూడా. నా పాత కలరీమీటర్ (ఈ కాలిబ్రేటర్‌కే ఇంకో పేరు, మీటరు అన్నా ఇదే) ఇప్పటికీ నా టేబుల్ మీదే పనిచేస్తోంది. పాడైంది పరికరమా, దాన్ని విండోస్‌తో మాట్లాడించే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామా, లేక కొలిచాక తయారైన, మానిటర్ రంగుల లెక్క ఉండే ప్రొఫైల్ అనే ఫైలా అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ మూడింటినీ కలిపి "కాలిబ్రేటర్ పోయింది" అనేస్తుంటారు.

నేను కాకినాడలో ఇంటి దగ్గరే పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ఫొటోగ్రాఫర్లు హార్డ్‌డిస్క్ ఇచ్చి వెళ్తారు. షీట్లు తయారుచేసి రాజమండ్రిలో ల్యాబ్‌కి పంపిస్తాను. మా పనిలో రంగుకి అసలు పరీక్ష పట్టుచీర కాదు, మధుపర్కాలు. పట్టుచీర మెరూన్ ఒక పిసరు అటూ ఇటూ అయితే ఆ చీర కట్టుకున్న అమ్మాయికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఎర్రంచు తెల్లబట్ట నీలం తిరిగితే మాత్రం పేజీ తిప్పిన ప్రతివాళ్లూ పట్టేస్తారు. దాన్ని సరిచేయబోతే పక్కనున్న తలంబ్రాలు, పసుపు రాసిన చేతులు ఇంకో రంగులోకి పోతాయి. అందుకే తెలుపు 6500 కెల్విన్ దగ్గర, గామా (నలుపు నుంచి తెలుపు దాకా వెలుతురు పెరిగే తీరు) 2.2 దగ్గర పెట్టుకుని, మానిటర్‌ని అప్పుడప్పుడూ కొలుస్తూ ఉంటాను.

విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కదా. ఆ వంకతో విండోస్ 11 ఉన్న కొత్త సిస్టమ్ తీసుకున్నాను. పాత సిస్టమ్‌లో ఏళ్ల తరబడి నోరెత్తకుండా పనిచేసిన కలరీమీటర్, కొత్తదాంట్లో పెట్టగానే "పరికరం కనపడలేదు" అంది. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్‌కి చివరి సాఫ్ట్‌వేర్ విండోస్ 7 కాలం నాటిది. సపోర్ట్‌కి మెయిల్ పెడితే, ఆ మోడల్‌ని ఆపేశామనీ, కొత్త మోడల్ మీద డిస్కౌంట్ ఇస్తామనీ మర్యాదగా జవాబు వచ్చింది.

ఇక్కడ అందరూ చేసే పని సాఫ్ట్‌వేర్‌ని తీసేసి మళ్లీ వేయడం. దానికంటే ముందు, సిస్టమ్‌కి తగిలించిన పరికరాల జాబితా చూపించే డివైస్ మేనేజర్ తెరవండి. కేబుల్ పెట్టినప్పుడు జాబితా ఒకసారి మినుకుమని కొత్త పేరేదైనా వస్తోందా, తీస్తే పోతోందా చూడండి. వచ్చి పోతోందంటే పరికరంలో కరెంటు ఉంది, దాని యూఎస్‌బీ చిప్ మాట్లాడుతోంది. పసుపు త్రికోణం ఉన్నా ఫరవాలేదు, ఆ త్రికోణం మంచి వార్తే. అసలేమీ రాకపోతే అప్పుడు కేబుల్‌నీ పోర్టునీ అనుమానించాలి. త్రికోణం మీద రెండుసార్లు నొక్కితే ఒక కోడ్ కనిపిస్తుంది. 28 అంటే డ్రైవరే లేదు. 43 అంటే పరికరం ఏదో తేడా చెప్పిందని విండోస్ దాన్ని ఆపేసింది. యూఎస్‌బీ పరికరాల్లో ఇది ఎక్కువగా కేబుల్, హబ్, పోర్టు గొడవ. నాకు కనిపించింది 52. డ్రైవర్ ఉంది, అది ఎవరు తయారుచేశారో రుజువు చేసే డిజిటల్ సంతకాన్ని విండోస్ ఒప్పుకోవడం లేదు.

ఈ సంతకం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. "నిన్నటిదాకా పనిచేసిందే!" అని అందరూ జుట్టు పీక్కునేది ఇక్కడే. 64 బిట్ల విండోస్‌లో సిస్టమ్ లోపలి పొరలో నడిచే డ్రైవర్‌కి విస్టా కాలం నుంచే సంతకం తప్పనిసరి. 2016లో వచ్చిన విండోస్ 10 1607 వెర్షన్ నుంచి ఇంకా బిగించారు. కొత్తగా విండోస్ వేసిన, సెక్యూర్ బూట్ (సిస్టమ్ మొదలయ్యేటప్పుడే నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే కాపలా) ఆన్‌లో ఉన్న సిస్టమ్‌లో, కొత్త డ్రైవర్‌కి మైక్రోసాఫ్ట్ సంతకమే ఉండాలి. పాత విండోస్ నుంచి అప్‌గ్రేడ్ అవుతూ వచ్చిన సిస్టమ్‌లకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. నా పాత సిస్టమ్ విండోస్ 7తో మొదలై 10కి ఎక్కినది. పరికరం ఒకటే, కేబుల్ ఒకటే, మారింది సిస్టమ్ ఒక్కటే.

32 బిట్ల డ్రైవర్లయితే ఈ చర్చే అక్కర్లేదు. విండోస్ 11లో 32 బిట్ల వెర్షనే లేదు, 64 బిట్ల విండోస్ ఆ డ్రైవర్లని అసలు ఎక్కించుకోదు.

దీనికి ఊళ్లో వినిపించే చిట్కా, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొట్టడం. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ వరకు వెళ్లి, ఇంకోసారి రీస్టార్ట్ అయ్యాక 7 నొక్కితే సంతకం తనిఖీ ఆగుతుంది. ఆగుతుంది గానీ ఆ ఒక్క బూట్‌కే. నా కలరీమీటర్ ఆ పూట చక్కగా పనిచేసింది. మర్నాడు సిస్టమ్ ఆన్ చేస్తే మళ్లీ 52. ఇంకో చిట్కా, విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణని ఆపేయడం. పాత డ్రైవర్లని అది కూడా అడ్డుకుంటుందన్న మాట నిజమే. నేను ఆపలేదు, ఇంకెవర్నీ ఆపమనను. అదే సిస్టమ్‌లో బ్యాంకు పనులు, జీఎస్టీ ఫైలింగ్ చేసుకుంటాం. రంగు కోసం ఇంటి తలుపు గడియ తీసి పెట్టడమెందుకు?

డ్రైవర్‌తో కుస్తీ పట్టేముందు పరికరం బతికుందని పూర్తిగా రుజువు చేసుకోవడం నాకు ముఖ్యం. దానికి నేను విండోస్ బదులు నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ వాడతాను. భయపడకండి, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. దానిలో రకాలైన ఉబుంటునో ఫెడోరానో ఒక పెన్‌డ్రైవ్‌లోకి రాసుకుని, దాని నుంచే సిస్టమ్‌ని బూట్ చేసి, "ట్రై" అన్నది ఎంచుకుంటే చాలు. విండోస్‌ని అది ముట్టుకోదు. వాటిలో కనిపించే గ్నోమ్ డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లో కలర్ అని ఒక పేజీ ఉంటుంది. కలరీమీటర్ పెట్టాక అక్కడ మానిటర్ పక్కన కాలిబ్రేట్ బటన్ వెలిగిందంటే పరికరాన్ని అది గుర్తుపట్టినట్టే. చాలా కలరీమీటర్లకి లైనక్స్‌లో విడిగా డ్రైవర్ అక్కర్లేదు. నాది వెంటనే వెలిగింది. కొత్తది కొనాలన్న ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

ఇక విండోస్‌లో పరిష్కారం. గ్రేమ్ గిల్ అనే ఆయన రాసిన ఆర్గిల్ సీఎంఎస్ అని ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది. కంపెనీలు వదిలేసిన ఎన్నో పాత కలరీమీటర్లతో అది ఇప్పటికీ మాట్లాడుతుంది. అదంతా కమాండ్లతో నడుస్తుంది కాబట్టి, బటన్లు నొక్కి వాడుకునేలా ఫ్లోరియన్ హోఖ్ దాని మీద డిస్‌ప్లేకాల్ తయారుచేశాడు. డిస్‌ప్లేకాల్ మొదట పైథాన్ 2లో రాసింది. పైథాన్ 2కి సపోర్ట్ 2020లో ముగిసింది. తర్వాత వాడుకరులే కొందరు దాన్ని పైథాన్ 3కి మార్చి నడుపుతున్నారు. దించుకునేటప్పుడు ఆ కొత్తదే తీసుకోండి.

డిస్‌ప్లేకాల్‌లో టూల్స్ మెనూ కింద, ఇన్‌స్ట్రుమెంట్ అన్నచోట, ఆర్గిల్ డ్రైవర్లని ఇన్‌స్టాల్ చేసే వరుస ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కేముందు పై చిట్కాలోని 7 నొక్కే పని ఒక్కసారి చేయాల్సి వచ్చింది. కంపెనీ డ్రైవర్‌లా ఇది మర్నాటికి ఎగిరిపోలేదు, మామూలుగా రీస్టార్ట్ చేసినా నిలబడింది. డివైస్ మేనేజర్‌లో మన పరికరం పాతచోట మాయమై, ఆర్గిల్ లిబ్‌యూఎస్‌బీ అన్న శీర్షిక కింద కనిపిస్తుంది. ఇక కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి అది కనపడదు, ఇది గుర్తుంచుకోండి. ఒక పరికరానికి ఒక సమయంలో ఒకే డ్రైవర్. మళ్లీ కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలంటే అదే పేరు మీద కుడి బటన్ నొక్కి, అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ మై కంప్యూటర్, జాబితాలోంచి ఎంచుకోవడం, ఇలా వెనక్కి మార్చుకోవచ్చు. కొన్ని మోడళ్లు విండోస్‌లో కీబోర్డు, మౌసుల్లా మామూలు హెచ్‌ఐడీ పరికరాలుగా నమోదవుతాయి. వాటికి ఈ తంటా ఏదీ ఉండదు. మీది అలాంటిదైతే ఈ పేరా అంతా వదిలేయండి.

డ్రైవర్ కుదిరాక కూడా "పరికరం వాడుకలో ఉంది" అని రావచ్చు. గడియారం పక్కన కంపెనీ చిన్న ఐకాన్ ఇంకా నడుస్తూ పరికరాన్ని పట్టుకుని ఉంటుంది. దాన్ని మూసేస్తే సరి. సగంలో కొలత ఆగిపోతుంటే హబ్ తీసేసి, క్యాబినెట్ వెనక మదర్‌బోర్డు పోర్టులో నేరుగా పెట్టండి. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ని (కరెంటు ఆదాకి పోర్టుని నిద్రపుచ్చే సెట్టింగు) ఆపేయండి.

ఇంతవరకు పరికరం, డ్రైవర్. మూడోది ప్రొఫైలు. ఫొటోగ్రాఫర్లు నాకు ఫోన్ చేసేది ఎక్కువగా దీని గురించే. "అక్కా, నిన్న కాలిబ్రేట్ చేశా, ఇవాళ మళ్లీ నీలంగా ఉంది, మీటరు తప్పు చెబుతోంది." పాపం మీటరు తప్పేమీ లేదు. కాలిబ్రేషన్‌లో సగభాగం, అంటే తెలుపునీ గామానీ సరిచేసే పట్టిక, గ్రాఫిక్స్ కార్డులోకి ఎక్కాలి. సిస్టమ్ ఆన్ చేసిన ప్రతిసారీ ఏదో ఒక ప్రోగ్రామ్ (దీన్నే లోడర్ అంటారు) దాన్ని మళ్లీ ఎక్కించాలి. స్లీప్‌లోంచి లేచినప్పుడో, గేమ్ ఆడినప్పుడో, గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ అయినప్పుడో అది చెరిగిపోతుంటుంది. నైట్ లైట్ ఆన్‌లో ఉంటే ఆ పట్టిక మీదే పసుపు పులుముతుంది. దీనికి తోడు కంపెనీ లోడరు, విండోస్ లోడరు, డిస్‌ప్లేకాల్ లోడరు మూడూ నడుస్తుంటే, ఒకరు వేసిన ముగ్గుని ఇంకొకరు తుడిచి తమ ముగ్గు వేసినట్టుంటుంది. ఎవరిది చివరిదో ఎవరికీ తెలియదు. ఒక్క లోడర్‌నే ఉంచి మిగతావి స్టార్టప్‌లోంచి తీసేయండి. విండోస్‌దే చాలనుకుంటే కలర్ మేనేజ్‌మెంట్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, అక్కడ చేంజ్ సిస్టమ్ డిఫాల్ట్స్, మళ్లీ అడ్వాన్స్‌డ్ వరకు వెళ్తే "యూజ్ విండోస్ డిస్‌ప్లే కాలిబ్రేషన్" అన్న గడి ఉంటుంది. ఈ గడి ఇంత లోపల దాచిపెట్టిన మహానుభావుడెవరో గానీ!

పట్టిక ఎక్కిందో లేదో చూడడానికి నేను ఆర్గిల్‌లోని డిస్ప్‌విన్ అనే చిన్న కమాండ్ వాడతాను. పక్కన హైఫన్ పెట్టి చిన్న సీ కొడితే పట్టిక ఖాళీ అవుతుంది, పెద్ద ఎల్ కొడితే ప్రొఫైల్‌లోనిది మళ్లీ ఎక్కుతుంది. రెండింటి మధ్య తెర రంగు కాస్తయినా మారితే లోడింగ్ పనిచేస్తున్నట్టే.

ఇవన్నీ కుదిరినా పరికరం సరిగ్గా కొలుస్తోందని కాదు, అది వేరే ప్రశ్న. పాత తరం కలరీమీటర్లలో రంగు ఫిల్టర్లు గాలిలో తేమకి, వయసుకి మారిపోతాయి. మా కాకినాడ గాలిలో లెన్సులకే ఫంగస్ పడుతుంది, ఫిల్టర్లెంత. లెన్సులు పెట్టే గాలి చొరబడని డబ్బాలోనే, సిలికా జెల్ పొట్లాల మధ్య నా మీటరూ ఉంటుంది. ఇంకో సంగతి బ్యాక్‌లైట్. పాత మీటర్లు ట్యూబ్ బ్యాక్‌లైట్ రోజుల్లో తయారైనవి. ఎల్‌ఈడీ తెర మీద, ముఖ్యంగా ఎక్కువ రంగులు చూపించే వైడ్ గ్యామట్ మానిటర్ మీద, సవరణ ఫైలు లేకుండా కొలిస్తే తెలుపు గులాబీకో ఆకుపచ్చకో తిరుగుతుంది. డిస్‌ప్లేకాల్‌లో కరెక్షన్ అన్నచోట మన తెర రకానికి తగినది ఎంచుకోవాలి. నాది సరిగ్గా ఉందో లేదో చూడడానికి, కొత్త మీటరున్న ఒక ఫొటోగ్రాఫర్ దాన్ని తెస్తే, మానిటర్ అరగంట వేడెక్కాక రెండింటితో ఒకే తెల్ల గడిని కొలిచాం. నాది కాస్త తేడా చూపించింది. ఆ తేడాకి సరిపడా సవరణ ఫైలుని కూడా డిస్‌ప్లేకాల్ తయారుచేసి పెట్టింది. కాకపోతే అది ఆ ఒక్క మానిటర్‌కే పనికొస్తుంది.

"ప్రింట్ నల్లగా వచ్చిందండీ" అన్న ఫిర్యాదుకి మాత్రం వీటిలో దేనితోనూ పనిలేదు. షాపు నుంచి వచ్చిన మానిటర్ వెలుతురు ఇంట్లో పనికి చాలా ఎక్కువ. బ్రైట్‌నెస్‌ని చదరపు మీటరుకి 100, 120 క్యాండెలాల మధ్యకి దించండి, ఎకో మోడ్, డైనమిక్ కాంట్రాస్ట్ ఆపేయండి. మొదటి రెండు రోజులు తెర మసకగా ఉందని చిరాకేస్తుంది, అలవాటైపోతుంది.

సెకండ్‌హ్యాండ్‌లో పాత మీటర్ కొందామనుకునే తమ్ముళ్లకి ఒక మాట. డబ్బులిచ్చేముందు డబ్బా మీద సీరియల్ నంబరు కార్డు ఉందా అడగండి, కొన్ని కంపెనీల సాఫ్ట్‌వేర్ అది లేనిదే తెరుచుకోదు. కార్డు లేకపోతే ఆర్గిల్ వాళ్ల పేజీలో ఆ మోడల్ పేరు ఉందో లేదో చూసి, ఉంటే ధర తగ్గించి అడగండి. కొన్ని మోడళ్లకి కంపెనీ ఇన్‌స్టాలర్‌లోంచి ఒక ఫైలు కూడా ఆర్గిల్‌కి కావాలి, అందుకని పాత సీడీ ఉంటే అదీ తెచ్చుకోండి. లైనక్స్ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్తే వాళ్లింట్లోనే సంగతి తేలిపోతుంది.