ఒక్క ల్యాప్ తేడా

అమెరికాలో షార్లెట్‌లో ఉండే మనవాళ్లలో చాలామందికి నాస్కార్ కార్ల రేసులంటే ట్రాఫిక్ జామే. రేస్ ఉన్న రోజు ట్రాక్ ఉండే కాంకర్డ్ వైపు వెళ్లొద్దని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టేసి ఊరుకుంటాం. నేనూ ఆ బాపతే, అలన్ కుల్విక్కీ అనే రేసు డ్రైవరు గురించి తెలిసేదాకా.

కాకినాడలో మెకానికల్ చదివి ఇక్కడ బ్యాంకులో కోడ్ రాసుకునే నాకు ఆయన నచ్చడంలో వింతేమీ లేదు. ఆయనదీ మెకానికల్ ఇంజినీరింగే. విస్కాన్సిన్‌లో ఉన్నదంతా అమ్ముకుని బయల్దేరుతుంటే ట్రక్కు తగలబడింది. అరువు ట్రక్కులో షార్లెట్ వచ్చాడు. 1986లో రూకీ ఆఫ్ ద ఇయర్ (ఆ ఏటి మేటి కొత్త డ్రైవరు) అయ్యాడు. జూనియర్ జాన్సన్ లాంటి పెద్ద ఓనరు పిలిచినా వెళ్లలేదు. తన టీమ్‌కి తనే ఓనరు, తనే డ్రైవరు.

అప్పట్లో ఏడాది రేసులన్నిటి పాయింట్లు కలిపితే ఎక్కువున్నవాడే ఛాంపియన్. 1992లో ఆరు రేసులు మిగిలుండగా 278 పాయింట్లు వెనకబడ్డాడు. ఇక అయిపోయిందనే అనుకున్నారంతా. అయినా నవంబర్ 15న అట్లాంటాలో ఆఖరి రేసుకి వచ్చేసరికి తేడా 30కి దిగింది. ముందున్న డేవీ ఆలిసన్ మధ్యలో యాక్సిడెంట్‌లో చిక్కుకున్నాడు. మిగిలింది బిల్ ఎలియట్. అతను నడిపేది ఆ జాన్సన్ కారే!

కుల్విక్కీ కారుకి మొదటి పిట్ స్టాప్‌లోనే (పెట్రోలు, టైర్ల కోసం ఆగినప్పుడే) ఫస్ట్ గేర్ పోయింది. ఆగిన ప్రతిసారీ కదలడమే గండం. ఇక్కడే లెక్క మొదలైంది. అప్పటి రూల్ ప్రకారం ఎక్కువ ల్యాప్‌లు, అంటే ట్రాక్ చుట్టూ రౌండ్లు, ముందున్నవాడికి అదనంగా 5 పాయింట్లు. అందుకని ఆ 5 పాయింట్లు ఖాయమయ్యేదాకా ఆఖరి పిట్‌కి రాలేదు. రేసు ఎలియట్ గెలిచాడు, ఈయన రెండో స్థానం. కానీ ముందున్న ల్యాప్‌లు ఈయనవి 103, ఎలియట్‌వి 102. ఛాంపియన్‌షిప్ 10 పాయింట్ల తేడాతో కుల్విక్కీది. ఆ బోనస్ అటు పోయుంటే ఇద్దరూ సమానం, ఎక్కువ రేసులు గెలిచిన ఎలియట్‌కే టైటిల్.

మా ఆవిడకి ఇదంతా చెబితే "రేసు గెలిచినవాడు ఓడిపోయాడా, ఇదేం ఆట!" అంది. ఎలియట్ కూడా అదే అనుకుని ఉంటాడు.

ఐదు నెలలైనా తిరక్కుండానే, 1993 ఏప్రిల్ 1న, బ్రిస్టల్ రేసుకి వెళ్తుండగా విమానం కూలి కుల్విక్కీ పోయాడు. 38 ఏళ్లు. మేటి రేసర్లకి చోటిచ్చే నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 2019లో గానీ తీసుకోలేదు. మొత్తం కెరీర్‌లో ఐదు గెలుపులేగా అనుకున్నారేమో. ఆ ఐదూ సొంత కారుతో గెలిచినవని ఎవరైనా గుర్తు చేయాల్సింది.